పల్సర్ వెనక టైరు: 55పి తీసుకోవాలా, 61ఎస్ తీసుకోవాలా?

సూర్యాపేట_పల్సర్

అందరికీ నమస్తే. నా బండి పల్సర్ 150. వెనక టైరు బోడిగుండయింది, ఈ వారంలో మార్చేయాలి. పాత టైరు మీద 100/90-17 55పి అని ఉంది. మా ఊళ్లో షాపతను రెండు చూపించాడు. ఒకటి అచ్చం ఇదే. రెండోది 120/80-17 61ఎస్. "పి అంటే ప్యాసింజర్, ఎస్ అంటే స్పోర్ట్స్. నువ్వు హైవే మీద తిరుగుతావు కదా, ఎస్ తీసుకో, గ్రిప్పు బాగుంటుంది" అన్నాడు. ఏడొందలు ఎక్కువ.

నేను వారం వారం హైదరాబాద్ వెళ్లొస్తాను, 65వ నంబరు హైవే మీద. 80, 90లో పోతాను. ఒక్కోసారి వెనక మా ఆవిడ, ఊరి నుంచి వచ్చేటప్పుడు బియ్యం మూట కూడా. ఆ అక్షరాల సంగతేంటి? ఏడొందలు పెట్టడం దండగేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఓరుగల్లు_శీను

ప్యాసింజరూ కాదు, స్పోర్ట్సూ కాదు అన్నా. అవి స్పీడు అక్షరాలు. పి అంటే గంటకు 150 కి.మీ., ఎస్ అంటే 180. నీ పల్సర్ యాక్సిలేటర్ ఎంత మెలిపెట్టినా 115 దాటదు. పి చాలు. ఏడొందలతో పెట్రోలు కొట్టించుకో.

కొత్తగూడెం_రావు

శీను చెప్పింది కరెక్టే కానీ సగమే. ఆ 55 సంగతి ఎవరూ మాట్లాడరు. నిజానికి మన బళ్లకి అదే ముఖ్యం.

ముందు అక్షరం తేల్చేద్దాం. జె అంటే 100 కి.మీ. అక్కణ్నుంచి అక్షరానికి పదేసి పెరుగుతుంది: కె 110, ఎల్ 120, ఎమ్ 130, ఎన్ 140, పి 150, క్యూ 160, ఆర్ 170, ఎస్ 180, టి 190, యు 200. ఆ తర్వాత వరస తప్పి హెచ్ వస్తుంది, 210. దాని మీద వి 240, డబ్ల్యూ 270, వై 300. హెచ్ అక్కడ ఎందుకు దూరిందంటే, పాత రోజుల్లో యూరప్‌లో ఎస్, హెచ్, వి అని మూడే ఉండేవి. ఎస్ 180 వరకు, హెచ్ 210 వరకు, వి ఆపైన. మిగతా అక్షరాలు తర్వాత వచ్చి చేరాయి, హెచ్ మాత్రం తన సీటు వదల్లేదు.

ఈ అక్షరానికీ గ్రిప్పుకీ సంబంధం లేదు. ఇది వేడి లెక్క. టైరు తిరిగే ప్రతి చుట్టులో రోడ్డుకి ఆనే చోట నొక్కుకుంటుంది, మళ్లీ లేస్తుంది. స్పీడు పెరిగే కొద్దీ ఈ నొక్కుళ్లు సెకనుకి ఎక్కువవుతాయి, లోపల రబ్బరు, నైలాన్ దారాలు వేడెక్కుతాయి. ఒక హద్దు దాటితే నొక్కుకున్న చోటు పూర్తిగా లేవకముందే మళ్లీ నేలకి ఆనుతుంది. అప్పుడు టైరు చుట్టూ అలల్లాగా కదలిక మొదలవుతుంది, వేడి అమాంతం పెరుగుతుంది, ట్రెడ్ (పైన గాడులుండే పొర) ఊడొస్తుంది. ఇది జరక్కుండా ఎంత స్పీడు దాకా తట్టుకుంటుందో ల్యాబులో పెద్ద స్టీలు డ్రమ్ము మీద నడిపి చూస్తారు. డ్రమ్ము వ్యాసం 1.7 మీటర్లు గానీ 2 మీటర్లు గానీ ఉంటుంది. టైరు మీద బరువు పెట్టి, దశలవారీగా స్పీడు పెంచుకుంటూ పోతారు. పగలకుండా, పొరలు విడిపోకుండా నిలబడితే ఆ అక్షరం వేస్తారు.

అక్కడ టైరు కొత్తది, గాలి లెక్క ప్రకారం ఉంటుంది, పంక్చర్ ఒక్కటీ ఉండదు. మన బండి కింద అలా ఉంటుందా?

ఇక 55. అది బరువు నంబరు. 55 అంటే ఆ టైరు మోయగలిగేది 218 కేజీలు. 50 అయితే 190, 52 అయితే 200, 61 అయితే 257. ఇప్పుడు మీ లెక్కే వేద్దాం. బండి దాదాపు 150 కేజీలు. మీరు 70, మేడమ్ గారు 60 అనుకుందాం, బియ్యం మూట 25. మొత్తం 305. బండి బరువు ముందూ వెనకా ఇంచుమించు సగం సగం పడుతుంది, మీ బరువు వెనక కొంచెం ఎక్కువ. వెనక కూర్చున్నవాళ్ల బరువు, వెనక కట్టిన మూట మాత్రం దాదాపు అంతా వెనక టైరు మీదే. లెక్క కడితే వెనక టైరు మీద 200 కేజీలకి అటూ ఇటూ వస్తుంది. 218కి ఎంత దగ్గరో చూశారా? ఇంకో షాపువాడు "ఇదే సైజు, తక్కువ రేటు" అని 50 నంబరు టైరు అంటగడితే అక్షరం జెడ్ ఉన్నా ఉపయోగం లేదు.

పద్మజ_యాక్టివా

రావు గారూ, నా యాక్టివా టైరు మీద 90/100-10 53జె అని ఉంది. జె అంటే 100 అన్నారు. మా తమ్ముడు తీసుకుపోయినప్పుడు మాత్రం 100 మీదే పోతున్నట్టు చెబుతాడు. టెన్షన్ పడాలా?

ఓరుగల్లు_శీను

అక్కా, యాక్టివా 85 దాటడమే గొప్ప. మీ తమ్ముడు కథలు చెబుతున్నాడు.

కొత్తగూడెం_రావు

53 అంటే 206 కేజీలు పద్మజ గారూ, స్కూటర్‌కి సరిపోతుంది. మీరు చూసుకోవాల్సింది గాలి. పది అంగుళాల చక్రం చిన్నది కాబట్టి బైకు చక్రం కన్నా అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరుగుతుంది. గాలి తక్కువైతే త్వరగా వేడెక్కేది అదే. వెనక ఇద్దరు పిల్లల్ని ఎక్కించుకుని, ముందు కూరగాయల సంచి పెట్టుకుని తిరిగేవాళ్లు పదిహేను రోజులకోసారైనా గాలి చూపించుకోవాలి.

కర్నూలు_బాషా

సలాం అందరికీ. నాకు టైర్ల షాపు ఉంది, కాబట్టి మా వైపు నుంచి కూడా వినండి.

షాపులో మేం వెడల్పు టైరు ఎందుకు తోస్తామంటే, కుర్రాళ్లు అడిగేది అదే. వెనక నుంచి చూస్తే దిట్టంగా కనపడాలి. రేటు ఎక్కువ, మాకు నాలుగు రూపాయలు మిగులుతాయి. దాంట్లో దాచేదేం లేదు. కానీ పల్సర్ 150కి 120 వేసిన బళ్లు మళ్లీ నా దగ్గరికే వస్తాయి. కొన్నింటికి టైరు అంచు చైను కవరుకి రాసుకుంటుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, రిమ్ము వెడల్పు. రిమ్ము మారదు, టైరు ఒక్కటే వెడల్పవుతుంది. సన్న రిమ్ములో వెడల్పు టైరు కూర్చోబెడితే రెండు వైపులా లోపలికి నొక్కుకుని నడుమ కొండలాగా లేస్తుంది. చూడ్డానికి లావుగా ఉంటుంది గానీ నేలకి ఆనేది ఆ నడిమి గీతే. బండి వంచితే ఒకలాగా, నిలబెడితే ఒకలాగా ఉంటుంది. ఆ అలాయ్ మీదే ఒక మూల అచ్చు వేసి ఉంటుంది, రిమ్ము వ్యాసం 17 అనీ, దాని పక్కన వెడల్పూ, రెండూ అంగుళాల్లో. అది చూసుకుని, ఆ వెడల్పుకి ఏ సైజు సరిపోతుందో టైరు కంపెనీ చార్టులో చూడాలి.

ఎత్తు కూడా మారుతుంది. 100/90 అంటే వెడల్పు 100 మి.మీ., ఎత్తు దాంట్లో 90 శాతం, అంటే 90 మి.మీ. 120/80 అంటే ఎత్తు 96. ఆరు మిల్లీమీటర్లే కదా అనుకోవద్దు, పైనా కిందా కలిపి మొత్తం చక్రం 12 మి.మీ. పెద్దదవుతుంది. పికప్ కొంచెం మందగిస్తుంది. మైలేజీ తగ్గిందని తిట్టుకుంటారు, కార్బొరేటర్ విప్పిస్తారు. కార్బొరేటర్‌కి ఏ పాపం తెలియదు!

కొనేటప్పుడు తేదీ చూడు తమ్ముడూ. సైడ్‌వాల్ మీద, అంటే టైరు పక్క గోడ మీద, చిన్న గుండ్రటి గడిలో నాలుగు అంకెలుంటాయి. 1824 అని ఉంటే 2024లో పద్దెనిమిదో వారం తయారైంది. ఒక్కోసారి అది టైరుకి ఒక పక్కే ఉంటుంది, తిప్పి చూడాలి. తగ్గింపు రేటుకి ఇస్తున్నాం అంటే ముందు చూడాల్సింది అదే. ఐఎస్‌ఐ గుర్తు ఉండాల్సిందే, మన దేశంలో అమ్మే టూవీలర్ టైర్లకి అది తప్పనిసరి.

సదాశివపేట_కుర్రాడు

మా ఊళ్లో ఎంఆర్‌ఎఫ్ ఫ్యాక్టరీ ఉంది. అందుకని చుట్టాలందరూ నన్ను "ఫ్యాక్టరీ రేటుకి ఇప్పించరా" అని అడుగుతారు. ఫ్యాక్టరీ గేటు బయట నుంచి తప్ప నేనెప్పుడూ చూడలేదు. ఈ థ్రెడ్ లింకు వాళ్లందరికీ పంపిస్తున్నా, కనీసం 55 అంటే ఏంటో తెలుస్తుంది.

సీతమ్మధార_390

నాది డ్యూక్ 390. కంపెనీ నుంచి వచ్చినవి మెట్జెలర్ టైర్లు, వెనక 150/60 జెడ్ఆర్17 66డబ్ల్యూ. అరిగిపోయాక అదే వేయిద్దామంటే రేటు చూసి గుండె ఆగినంత పనైంది. చివరికి 150/60 ఆర్17 66హెచ్ మన దేశపు టైరు వేయించాను. ఒక ఫ్రెండ్ "డబ్ల్యూ తీసి హెచ్ వేశావు, డౌన్‌గ్రేడ్ చేశావు" అని ఒకటే గోల. బండి 170 దగ్గర ఆగిపోతుంది, హెచ్ అంటే 210. ఇంకేం కావాలి? బరువు నంబరు కూడా అదే 66.

మ్యూనిక్_తెలుగు

ఇక్కడ జర్మనీలో అయితే ఆ గోలకి అర్థం ఉంటుంది. ఆటోబాన్‌లో కొన్ని చోట్ల స్పీడు లిమిట్ లేదు, 130 అనేది సలహా మాత్రమే. ఆ రోడ్డు మీద లీటర్ బైకులు (1000 సీసీవి) 250 దాటి పోతుంటాయి, పక్క నుంచి వెళ్తే జెట్ విమానం పోయినట్టుంటుంది. అందుకని బండి కాగితాల్లోనే టైరు సైజు, బరువు నంబరు, స్పీడు అక్షరం రాసి ఉంటాయి. అంతకన్నా పై అక్షరం వేసుకోవచ్చు, కిందిది వేస్తే తనిఖీలో దొరుకుతాం. మీ 390 ఇక్కడ ఉంటే హెచ్ వేసే ముందు ఆ కాగితం చూసుకోవాల్సి వచ్చేది.

పెద్ద బైకుల టైర్ల మీద (73డబ్ల్యూ) అని బ్రాకెట్లో రాసి ఉంటే 270 కన్నా పైకి కూడా పోవచ్చని అర్థం. బ్రాకెట్ లేని 73డబ్ల్యూ వేరు. మనవాళ్లు ఇక్కడ సెకండ్ హ్యాండ్ బైకు కొనేటప్పుడు బ్రాకెట్ చూడరు.

ఓరుగల్లు_శీను

అన్నా, మీ ఆటోబాన్ మీకు. మాకు నాలుగు లేన్ల హైవే మీద కూడా టూవీలర్‌కి 80 లిమిట్, 2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం. హైదరాబాద్ ఔటర్ మీదికి బైకును రానివ్వనే రానివ్వరు. 150 స్పీడు తట్టుకునే టైరు వేసుకుని 80లో పోయేవాడికి ఈ అక్షరాల చర్చంతా దేనికి? గతుకుల్లో సైడ్‌వాల్ పగలకుండా ఉంటే అదే పదివేలు.

కొత్తగూడెం_రావు

శీనూ, 80 లిమిట్ ఉంది కాబట్టి పి కన్నా పై అక్షరానికి ఏడొందలు పెట్టక్కర్లేదు, అంతవరకు నీ మాట ఒప్పుకుంటాను. కానీ ఆ 150 అన్నది గాలి సరిగ్గా ఉండి, బరువు హద్దులో ఉంటేనే. మనవాళ్లలో ఎంతమంది గాలి చూపిస్తారు? వెనక గాలి 28 పీఎస్‌ఐ ఉండాల్సిన చోట 18తో తిరుగుతారు. గాలి తగ్గితే సైడ్‌వాల్ ప్రతి చుట్టుకీ ఎక్కువ వంగుతుంది, వేడి అక్కడ పుడుతుంది. మే నెలలో మా కొత్తగూడెంలో, మీ రామగుండం వైపు రోడ్డు ఎలా కాలుతుందో తెలుసు కదా. కింద కాలే తారు, పైన ఇద్దరు మనుషులు, మూట, లోపల గాలి లేని టైరు. 80లో కూడా ఆ టైరు ల్యాబులో 150 చూసిన టైరు కాదు.

ఇంకోటి. పొద్దున్న బండి తీయకముందు గాలి చూపించాలి. దూరం నడిపాక చూస్తే నాలుగైదు పీఎస్‌ఐ ఎక్కువ చూపిస్తుంది, అది మామూలే. ఎండాకాలం టైరు పేలుతుందని ఆ వేడి గాలిని తీయించేస్తారు చాలామంది. చల్లారాక అది ఉండాల్సిన దానికన్నా తక్కువకి దిగిపోతుంది, మర్నాడు ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది. ఎంత ఉండాలో బండి మీద అంటించిన స్టిక్కర్ చూడాలి. టైరు మీద అచ్చు వేసింది గరిష్ఠం, అది రోజూ కొట్టించాల్సింది కాదు.

సీతమ్మధార_390

నైట్రోజన్ కొట్టిస్తే?

కర్నూలు_బాషా

మామూలు గాలిలో కూడా ముప్పాతిక పైనే నైట్రోజన్ సార్. డబ్బులు ఎక్కువుంటే కొట్టించుకోండి, నేనూ అమ్ముతాను.

బుల్లెట్_కాకినాడ

నాది క్లాసిక్ 350. వెనక 120/80-18 62పి, ముందు 100/90-19 57పి. స్పోక్ చక్రాలు కాబట్టి లోపల ట్యూబు. ట్యూబ్‌లెస్ టైరు కొని లోపల ట్యూబు వేయొచ్చా? మా దగ్గర ఒకాయన అలాగే వేస్తానంటున్నాడు, ట్యూబ్‌లెస్ అంటే క్వాలిటీ ఎక్కువట.

కర్నూలు_బాషా

వేసేవాళ్లు ఉన్నారు అన్నా, బండి నడుస్తుంది కూడా. కానీ ట్యూబు వేశాక ట్యూబ్‌లెస్‌కి ఉన్న లాభం పోతుంది. మేకు దిగితే ట్యూబు టుప్పున దిగిపోద్ది, మామూలు ట్యూబ్‌లెస్‌లో అయితే మెల్లగా దిగేది. పైగా ట్యూబు లోపల రాసుకుంటూ ఉంటుంది, అది అదనపు వేడి. టైరు కంపెనీ ట్యూబుకి ఒప్పుకుందో లేదో చూడు. సైడ్‌వాల్ మీద ట్యూబ్ టైప్ అని రాసినదే తీసుకుంటే గొడవుండదు. టైరు మార్చినప్పుడు ట్యూబు, రిమ్ టేపు కొత్తవి వేయించు. రెండు మూడు వందల దగ్గర పీనాసితనం చూపించి నడిరోడ్డు మీద నిలబడ్డవాళ్లని చాలామందిని చూశాను.

మ్యూనిక్_తెలుగు

అసలు పంక్చర్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. ట్యూబ్‌లెస్‌లో బయట నుంచే తాడు ప్లగ్గు గుచ్చేస్తారు కదా మనవైపు. ఆ ప్లగ్గు పడ్డాక టైరు మీది అక్షరాన్ని నమ్ముకుని అంత స్పీడులో పోకూడదు. అంచుకి దగ్గర్లో, సైడ్‌వాల్‌లో దిగితే అసలు ప్లగ్గే వేయకూడదు, టైరు తీసేయాల్సిందే.

ఓరుగల్లు_శీను

మా వెనక టైరులో ప్లగ్గులు చూస్తే మీరు మూర్ఛపోతారు.

కొత్తగూడెం_రావు

శీనూ, ఆ టైరు ఫోటో పెట్టు. తేదీ కూడా కనపడేలా.

ఓరుగల్లు_శీను

ఫోటో పెట్టాను. 3117. అరుగుదల బాగానే ఉంది కదా, గాడులు ఇంకా లోతుగా ఉన్నాయి. ఊళ్లో తాతగారి బండి, తక్కువ తిరుగుతుంది.

కర్నూలు_బాషా

2017లో ముప్పై ఒకటో వారం. గాడుల లోతు వదిలెయ్ తమ్ముడూ, గాడుల అడుగున చూడు. వెంట్రుకంత సన్న పగుళ్లు. ఫోటో పెద్దది చేస్తే సైడ్‌వాల్ మీద కూడా కనపడుతున్నాయి. తిరగని బండికి ఇదే రోగం, రబ్బరు గట్టిపడిపోద్ది. మిషెలిన్ వాళ్లు చెప్పేది, అయిదేళ్లు దాటితే ఏటా చూపించుకోవాలి, పదేళ్లయ్యాక ఎంత కొత్తగా కనపడినా తీసేయాలి. పగుళ్లు వచ్చాక పదేళ్ల దాకా ఆగక్కర్లేదు, ఇప్పుడే తీయించు. వాన పడ్డ రోడ్డు మీద ఆ టైరుతో బ్రేకు వేస్తే తాతగారిని పట్టుకోవడానికి మనిషి కావాలి.

అరుగుదల చూడాలంటే, సైడ్‌వాల్ పై అంచున చిన్న త్రికోణం గుర్తు గానీ టీడబ్ల్యూఐ అని గానీ ఉంటుంది. అక్కణ్నుంచి గాడిలోకి చూస్తే అడ్డంగా చిన్న దిమ్మ కనపడుతుంది. ట్రెడ్ ఆ దిమ్మతో సమానమైతే టైరు పని అయిపోయినట్టే. టూవీలర్‌కి చట్టం ప్రకారం గాడి కనీసం 0.8 మి.మీ. ఉండాలి. వానాకాలంలో అక్కడి దాకా రానీయకుండా మార్చేస్తే మంచిది.

పద్మజ_యాక్టివా

నేను ఇప్పుడే కిందికి వెళ్లి చూసొచ్చాను. ముందుది 2219, వెనకది 0923. మెకానిక్ రెండూ ఒకేసారి మార్చానని చెప్పి బిల్లు తీసుకున్నాడు!

ఓరుగల్లు_శీను

అక్కా, మీ తమ్ముడూ ఆ మెకానిక్కూ ఒకే స్కూల్లో చదివినట్టున్నారు.

సీతమ్మధార_390

ఒకటి చెప్పాలి. నేను హెచ్‌కి మారాక గ్రిప్పు తగ్గిందా అని ఫ్రెండ్స్ అడుగుతున్నారు. ఎండలో తేడా లేదు. వానలో అరకు ఘాట్ దిగుతున్నప్పుడు పాత మెట్జెలర్ ఇచ్చిన ధైర్యం ఇది ఇవ్వడం లేదు. అది అక్షరం వల్ల కాదు, రబ్బరు రకం వల్ల అని ఇప్పుడు రావు గారి మాట చదివాక అర్థమైంది. అంటే వానలో ఎక్కువ తిరిగేవాళ్లు అక్షరం చూడకుండా, అదే టైరు వాడుతున్నవాళ్లని వానలో ఎలా ఉందో అడిగి కొనాలి.

కొత్తగూడెం_రావు

అంతే. మెత్తటి రబ్బరు పట్టుకుంటుంది, త్వరగా అరుగుతుంది. గట్టి రబ్బరు ఎక్కువ కిలోమీటర్లు ఇస్తుంది, తడిలో జారుతుంది. రెండూ కావాలంటే నడుమ గట్టి, అంచులు మెత్తన చేసిన రకాలు ఉన్నాయి గానీ 150 సీసీ సైజుల్లో అరుదు. సూర్యాపేట బ్రదర్ లాంటివాళ్లకి తిన్నటి హైవేనే కాబట్టి ఎక్కువ కిలోమీటర్లు ఇచ్చేదే మేలని నా ఉద్దేశం.

సూర్యాపేట_పల్సర్

అందరికీ థ్యాంక్స్. ఇవాళ వేయించేశాను. 100/90-17 55పి, తేదీ చూశాను, నాలుగు నెలల కిందటిది. మొదట షాపతను చూపించింది రెండేళ్ల కిందటిది. తేదీ అడిగేసరికి మొహం చిన్నబుచ్చుకుని లోపలి నుంచి ఇది తెచ్చాడు. బాషా భాయ్, వాల్వ్ కూడా కొత్తది వేయించాను.

కర్నూలు_బాషా

భేష్. సైడ్‌వాల్ మీద బాణం గుర్తు ఉంటుంది, చక్రం తిరిగే వైపుకే చూపిస్తోందా? కుర్రాడు హడావిడిలో తిప్పి బిగించేస్తుంటాడు. ఇంకో మాట, కొత్త టైరు పైన నున్నగా ఉంటుంది. మొదటి వంద, రెండు వందల కిలోమీటర్లు వంపుల్లో మెల్లగా పో, సడన్ బ్రేకు వద్దు.

సూర్యాపేట_పల్సర్

బాణం ఎదురు వైపుకి ఉంది భాయ్! ఇప్పుడే చూశాను. రేపు పొద్దున్నే షాపు తీయగానే పోతా. దానికి మళ్లీ డబ్బులు అడుగుతాడా?

కర్నూలు_బాషా

అడిగితే ఇవ్వకు. బిగించింది వాళ్లే కదా. చక్రం విప్పినప్పుడు చైను టెన్షన్ కూడా సరిచేయించుకో, రెండు పక్కలా గుర్తులు సమానంగా ఉన్నాయో లేదో నువ్వే వంగి చూడు.